పాఠం 14 : పాపాయి ఎదుగుదలను ఫోటోలు, వీడియోల ద్వారా నమోదు చేయటం

14.1 పరిచయం

బిడ్డ బరువు ఎలా చూడాలో, టీకాలు ఎప్పుడెప్పుడు వేయించాలో మీరు ఇంతకు ముందు పాఠాలలో చదివారు. బరువు, పొడవు శరీరం పెరుగుదలను చెపుతాయి. అయితే బిడ్డ ఎదగటమంటే బరువు పెరగటం ఒక్కటే కాదు. నవ్వటం, మెడ నిలపటం, బోర్లా పడటం, కూర్చోవటం, పిలిస్తే పలకటం, అడుగులు వేయటం, మాటలు నేర్వటం కూడా ఎదుగుదలే. వీటిని ఎదుగుదలలో మైలురాళ్ళు అంటారు. దారి పక్కన మైలురాయిని చూసి ఎంత దూరం వచ్చామో తెలుసుకొన్నట్లే, వీటిని బట్టి బిడ్డ ఎంతవరకు ఎదిగిందో తెలుసుకోవచ్చు.

ఈనాడు చాలా ఇళ్ళలో కెమెరా ఉన్న ఫోను ఉంది. పాపాయి ఫోటోలు వందల కొద్దీ తీస్తున్నాం. కాని "పాప మొదటిసారి ఒంటరిగా ఎప్పుడు నడిచింది?" అని డాక్టరు అడిగితే చాలామంది ఖచ్చితంగా చెప్పలేరు. ఫోటో ఉన్నా దాని వెనుక వివరం ఉండదు. అందువల్ల ఈ పాఠంలో ముఖ్యంగా ఒక్క విషయం నేర్చుకొందాం. తేదీ, బిడ్డ వయస్సు, బిడ్డ తనంతట తాను చేసిన పని - ఈ మూడూ ఉన్నప్పుడే ఫోటో నమోదు అవుతుంది. అవి లేకపోతే అది జ్ఞాపకం మాత్రమే.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- వేడుక ఫోటోకు, ఎదుగుదల నమోదుకు తేడా చెప్పగలుగుతారు.
- ముఖ్యమైన మైలురాళ్ళను, అవి సాధారణంగా కనిపించే వయస్సులను గుర్తించగలుగుతారు.
- పనికివచ్చే ఫోటో, వీడియో తీసి, వివరాలు రాసి భద్రపరచగలుగుతారు.
- ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్య సలహా తీసుకోవాలో తెలుసుకొంటారు.

14.3 మన ఇళ్ళలో పాత పద్ధతి

కెమెరాలు రాకముందు కూడా మన పెద్దలు మైలురాళ్ళను గుర్తించేవారు. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం తెలుగు ఇళ్ళలో ఉంది. కొన్ని ఇళ్ళలో అరిసెలు వరుసగా పేర్చి, వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయిస్తారు. ఇది వేడుక మాత్రమే కాదు. బిడ్డ కొత్త పని నేర్చిందన్న సంగతి ఇరుగుపొరుగు అందరికీ తెలిసేది. "మా వాడు సంక్రాంతికి అడుగులు వేశాడు, మీ వాడు ఇంకా వేయలేదా?" అని పక్కింటి అవ్వ అడిగేది. ఆ ప్రశ్నలో ఒక హెచ్చరిక కూడా ఉండేది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. పండుగలు, పంటకోతలు గుర్తుపెట్టుకొని లెక్క చెప్పటం వల్ల నెలలు తారుమారు అవుతాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకరి సంగతి మరొకరికి అంటగడతాం. అందుకే రాతపూర్వకమైన నమోదు అవసరం.

14.4 ఎవరెవరు ఎలా నమోదు చేశారు?

చార్లెస్ డార్విన్ పేరు మీరు విజ్ఞానశాస్త్రంలో విని ఉంటారు. ఆయన మొదటి కొడుకు 1839 డిసెంబరులో పుట్టాడు. ఆ బిడ్డ తుమ్మటం, వెలుగు వైపు చూడటం, కోపగించుకోవటం, నవ్వటం వంటివన్నీ డార్విన్ రోజుల లెక్కతో సహా రాసి పెట్టుకొన్నాడు. ఆ రాతల ఆధారంగా 1877లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన వాడినవి కాగితం, కలం మాత్రమే. అయినా అన్నేళ్ళ తరువాత కూడా ఆ వివరాలు పనికివచ్చాయి. కారణం, వాటికి తేదీలుండటమే.

1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి ప్రజలకు సినిమాలు చూపించారు. ఆనాడు చూపిన చిన్న చిత్రాలలో ఒకటి, ఆ సోదరులలో ఒకరు భార్యతో కలిసి తమ పసిబిడ్డకు తినిపిస్తున్న చిత్రం. దాని నిడివి ఒక నిమిషం లోపే. అంటే సినిమా పుట్టిన నాడే ఇంట్లో బిడ్డను చిత్రించటం కూడా మొదలయిందన్నమాట.

తరువాత అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ అనే వైద్యుడు ఏల్ విశ్వవిద్యాలయంలో పసిపిల్లలను సినిమా కెమెరాతో చిత్రించి, ఏ వయస్సులో ఏ పని చేస్తారో పరిశీలించాడు. వేల కొద్దీ ఫోటోలతో 1934లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒకసారి కంటితో చూసినప్పుడు తప్పిపోయిన చిన్న కదలిక, తీసిన చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూసినప్పుడు దొరుకుతుందని ఈ పని వల్ల తెలిసింది. ఈనాడు ఆ సౌకర్యం మన చేతిలోని ఫోనులోనే ఉంది.

పాఠ్యగత ప్రశ్నలు - 1

1. ఫోటో నమోదుగా మారటానికి ఉండవలసిన మూడు వివరాలేవి?
2. డార్విన్ రాతలు చాలా ఏళ్ళ తరువాత కూడా ఎందుకు పనికివచ్చాయి?

14.5 ఏ వయస్సులో ఏ మైలురాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో 816 మంది పిల్లలను పరిశీలించి, ఆరు మైలురాళ్ళకు వయస్సుల హద్దులను 2006లో ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలలో నూటికి 98 మంది ఈ హద్దుల మధ్య ఆ పనులు నేర్చుకొన్నారు.

- ఆసరా లేకుండా కూర్చోవటం : 3.8 నుంచి 9.2 నెలలు
- పట్టుకొని నిలబడటం : 4.8 నుంచి 11.4 నెలలు
- చేతులు, మోకాళ్ళ మీద పాకటం : 5.2 నుంచి 13.5 నెలలు
- పట్టుకొని నడవటం : 5.9 నుంచి 13.7 నెలలు
- ఒంటరిగా నిలబడటం : 6.9 నుంచి 16.9 నెలలు
- ఒంటరిగా నడవటం : 8.2 నుంచి 17.6 నెలలు

ఈ పట్టికను జాగ్రత్తగా చూడండి. ఒక బిడ్డ తొమ్మిదో నెలలో నడవవచ్చు. మరొక బిడ్డ పదిహేడో నెలలో నడవవచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. కాబట్టి పక్కింటి బిడ్డతో పోల్చుకొని దిగులు పడనక్కరలేదు. ఆ పరిశీలనలో నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ళ మీద పాకనే లేదు. పాకకుండానే నడక నేర్చుకొన్నారు. అయితే హద్దు దాటిన తరువాత కూడా "మా వంశంలో అందరూ ఆలస్యంగానే నడిచారు" అని ఊరుకోకూడదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో లెక్క వేరు. ఎంత ముందుగా పుట్టిందో అంత కాలం తీసివేయాలి. ఉదాహరణకు రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఈనాటికి 9 నెలలు నిండితే, మైలురాళ్ళ కోసం 7 నెలల బిడ్డగా లెక్కించాలి. సుమారు రెండేళ్ళు వచ్చేవరకు ఇలాగే లెక్కించాలి.

కాళ్ళు, చేతుల కదలికలతో పాటు చూపు, వినికిడి, మాట, మనుషులతో మెలగటం కూడా గమనించాలి. రెండు నెలల వయస్సులో బిడ్డ మన ముఖం చూసి నవ్వటం మొదలుపెడుతుంది. "ఉంగా, ఉంగా" అంటూ ఊసులాడుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య "బాబాబా, తాతాతా" వంటి శబ్దాలు చేస్తుంది. ఏడాది వయస్సు ప్రాంతంలో "అమ్మ", "తాత", "బువ్వ" వంటి మాట అర్థం తెలిసి పలుకుతుంది. రెండేళ్ళు వచ్చేసరికి "అమ్మ రా", "బువ్వ పెట్టు" అని రెండు మాటలు కలుపుతుంది.

14.6 వేడుక ఫోటో వేరు, నమోదు వేరు

బారసాల, అన్నప్రాశన, పుట్టినరోజు ఫోటోలు అందరి ఇళ్ళలో ఉంటాయి. వాటిలో బిడ్డ కొత్త బట్టలు కట్టుకొని పెద్దల ఒడిలో ఉంటుంది. అవి కుటుంబానికి విలువైనవే. కాని ఆ ఫోటో చూసి బిడ్డ మెడ నిలుపుతున్నదో, పెద్దల చెయ్యి ఆనించారో చెప్పటం కష్టం.

అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, పువ్వులు ముందు పరచి బిడ్డను వదులుతారు. బిడ్డ ఏది పట్టుకొంటుందా అని అందరూ వస్తువు వైపే చూస్తారు. నమోదు చేసేవారు మరికొన్ని సంగతులు చూడాలి. బిడ్డ వస్తువు దగ్గరకు ఎలా వెళ్ళింది? పొట్ట మీద జరిగిందా? రెండు చేతులూ సమానంగా వాడిందా? ఎప్పుడూ ఒక చేతినే చాచి రెండో చేతిని పిడికిలి బిగించి ఉంచుతున్నదా? ఏడాది లోపు పిల్లలు సాధారణంగా రెండు చేతులనూ వాడతారు. ఒక్క చేతినే వాడుతుంటే, పెద్దయితే ఎడమచేతి వాటమో కుడిచేతి వాటమో అవుతుందిలే అనుకొని వదలివేయక డాక్టరుకు చూపించాలి.

14.7 ఫోటో, వీడియో తీసే పద్ధతి

1. వెలుగు : పగటిపూట కిటికీ దగ్గర గాని, వసారాలో గాని తీయండి. వెలుగు మీ వెనుక నుంచి బిడ్డ మీద పడాలి.

2. ఎత్తు : మీరు నిలబడి పైనుంచి తీస్తే బిడ్డ కాళ్ళు సరిగా కనిపించవు. నేల మీద కూర్చొని బిడ్డ ఎత్తులో పట్టుకొని తీయండి. తల నుంచి పాదాల వరకు కనిపించాలి.

3. నిడివి : ఒక నిమిషం చాలు. నెలకు ఒకసారి, కొత్త పని నేర్చినప్పుడు ఒకసారి తీస్తే సరిపోతుంది.

4. శబ్దం : టీవీ, రేడియో ఆపండి. బిడ్డ గొంతు వినబడాలి. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొట్టకుండా, మాటలు అందించకుండా ఉండాలి.

5. ఆరంభం : వీడియో మొదట్లో తేదీ, బిడ్డ వయస్సు మీ నోటితో చెప్పండి. "ఈ రోజు మార్చి 10. పాపకు ఎనిమిది నెలల నాలుగు రోజులు" అంటే చాలు. ఫోను మారినా, వీడియో మరొకరికి పంపినా ఆ వివరం చెదిరిపోదు.

6. బలవంతం వద్దు : కెమెరా కోసం నడిపించటం, ఏడుస్తున్న బిడ్డను నిలబెట్టటం తగదు. బిడ్డ కడుపు నిండి, నిద్ర తీరి హుషారుగా ఉన్నప్పుడు తీయండి.

7. భద్రత : తీసేవారు ఒకరు, బిడ్డను కనిపెట్టుకొని ఉండేవారు మరొకరు ఉండాలి. ఒక్కరే ఉంటే ఫోను పక్కన పెట్టి బిడ్డను చూసుకోండి. మంచం మీద, మెట్ల దగ్గర, నీటి తొట్టి దగ్గర చిత్రీకరణ చేయకండి.

14.8 పుస్తకంలో రాయటం

ఒక నోటు పుస్తకంలో ఐదు గడులు గీయండి. తేదీ, వయస్సు, చేసిన పని, ఆసరాతోనా ఒంటరిగానా, ఫోటో లేదా వీడియో ఉన్నదా అని వరుసగా రాయండి. నమూనా చూడండి.

తేదీ : మార్చి 10. వయస్సు : 8 నెలల 4 రోజులు. పని : చాప మీద కూర్చొని రెండు చేతులతో గిలక్కాయ పట్టుకొంది. ఆసరా : లేదు. వీడియో : ఉంది.

"బాగా కూర్చొంది" అని రాస్తే చాలదు. ఎంతసేపు కూర్చొంది, ఏమి ఆనుకొంది అన్నది రాయాలి. చూసినది మాత్రమే రాయండి. మైలురాయి కనిపించకపోతే "ఇంకా లేదు" అని కూడా రాయాలి. చాలామంది ఈ మాట రాయటానికి మనసొప్పక గడిని ఖాళీగా వదులుతారు. కాని డాక్టరుకు అన్నిటికంటె ఎక్కువగా పనికివచ్చే మాట అదే.

పాఠ్యగత ప్రశ్నలు - 2

3. నెలన్నర ముందుగా పుట్టిన బిడ్డకు ఇప్పుడు 10 నెలలు. మైలురాళ్ళ కోసం ఎన్ని నెలలుగా లెక్కించాలి?
4. వీడియో తీసేటప్పుడు టీవీ ఎందుకు ఆపాలి?

14.9 నమోదు హెచ్చరిక చేసినప్పుడు

వినికిడి : ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకొందాం. పాపకు పదకొండు నెలలు. పిలిస్తే పలుకుతుందనే అందరి నమ్మకం. దూరదేశంలో పనిచేస్తున్న తండ్రికి పంపటానికి తల్లి వీడియో తీసింది. వెనుక నుంచి నాయనమ్మ పేరు పెట్టి పిలిచింది. పాప తిరిగింది. తండ్రి ఆ వీడియోను నాలుగుసార్లు చూసి ఫోను చేశాడు. "అమ్మ మొదట మూడుసార్లు పిలిచింది. అప్పుడు పాప తిరగలేదు. అమ్మ నీడ ముందు పడ్డాక తిరిగింది" అన్నాడు. మరునాడు టీవీ ఆపి, పాప వెనుక నిలబడి, నీడ పడకుండా పిలిచి చూశారు. పాప తిరగలేదు.

ఇందులో ఇంటివారి తప్పేమీ లేదు. వినికిడి తక్కువైన పిల్లలు కంటిచూపుతో, నేల అదురుతో చుట్టూ జరిగేది గ్రహిస్తారు. అందుకే వినికిడి లోపం ఇంట్లో వారికి తేలికగా తెలియదు. అయితే ఇంట్లో చేసిన ఈ పరీక్షతో నిర్ణయానికి రాకూడదు. ఆసుపత్రిలో యంత్రంతో చేసే వినికిడి పరీక్ష చేయించాలి. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావటం మంచిదని నిపుణులు చెపుతారు. ఆ గడువు దాటినా, తెలిసిన రోజే వెళ్ళటం మేలు. మాటలు నేర్చే వయస్సు ఒకసారి దాటితే ఆ లోటు పూడ్చటం కష్టం.

కన్ను : ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో కనుపాప ఎర్రగా కనిపించటం మామూలే. ఒక కంట్లో ఎరుపు, రెండో కంట్లో తెల్లని మెరుపు కనిపిస్తే జాగ్రత్త పడాలి. కెమెరా కోణం వల్ల కూడా అలా కనిపించవచ్చు. కాని కంటిలో శుక్లం ఉన్నా, రెటినోబ్లాస్టోమా అనే కంటి కాన్సరు ఉన్నా కనుపాప తెల్లగా మెరుస్తుంది. ఈ కాన్సరు ఎక్కువగా ఐదేళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. త్వరగా గుర్తిస్తే ప్రాణాన్ని, చాలాసార్లు చూపును కూడా కాపాడవచ్చు. కాబట్టి ఆ ఫోటోను చెరిపివేయకుండా వెంట తీసుకొని, ఆలస్యం చేయకుండా కంటి వైద్యునికి చూపించండి.

మూర్ఛ : కొందరు పసిపిల్లలు, ముఖ్యంగా నిద్ర లేచినప్పుడు, తల ముందుకు వంచి చేతులు ఎగరేసి ఉలిక్కిపడతారు. ఇలా వరుసగా చాలాసార్లు జరుగుతుంది. కడుపునొప్పి అనుకొని గ్రైపు వాటరు పట్టిస్తారు. ఇది ఒక రకం మూర్ఛ కావచ్చు. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ కదలిక ఆగిపోతుంది. డాక్టరుకు మాటలతో వివరించటం కష్టం. ఒక వీడియో ఉంటే డాక్టరు వెంటనే గ్రహించగలుగుతారు. అయితే ముందు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వీడియో తరువాతి పని. మూర్ఛ ఐదు నిమిషాలు దాటితే వీడియో మాట మరచి 108కి ఫోను చేయాలి.

ఇంకా ఈ లక్షణాలు గుర్తుంచుకోండి. మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవటం, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవటం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవటం, ఏడాదికి పేరు పెట్టి పిలిచినా తిరగకపోవటం, పద్దెనిమిది నెలలకు నడవకపోవటం, రెండేళ్ళకు రెండు మాటలు కలపలేకపోవటం. వీటితో పాటు, అంతకు ముందు వచ్చిన మాట గాని, పని గాని ఏ వయస్సులోనైనా పోవటం మరీ ముఖ్యమైన హెచ్చరిక. పాత వీడియోలు ఉంటే ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

14.10 ఎవరికి చూపించాలి?

మొదట మీ ఊరి అంగన్‌వాడీ టీచరుకు గాని, ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పండి. అంగన్‌వాడీ కేంద్రాలు నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం మన దేశంలో 1975 అక్టోబరు 2న ప్రారంభమయింది. మీ దగ్గర ఉన్న మాతా శిశు సంరక్షణ కార్డులో కూడా మైలురాళ్ళ బొమ్మలున్నాయి. చాలామంది టీకాల పేజీ చూసి కార్డు మూసివేస్తారు. ఆ బొమ్మల పేజీ కూడా నెలకొకసారి తెరవండి.

2013లో ప్రారంభమయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం ఇందులోకి వస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడకు వెళ్ళేటప్పుడు కార్డు, మీ నోటు పుస్తకం, వీడియోలున్న ఫోను వెంట ఉంచుకోండి. ఫోటో, వీడియో రోగాన్ని నిర్ణయించలేవు. డాక్టరు ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వటానికి మాత్రం సాయపడతాయి.

14.11 భద్రపరచటం, గోప్యత

ఫోను పోయినా, నీళ్ళలో పడినా అందులోని చిత్రాలన్నీ పోతాయి. కాబట్టి మరొక చోట నకలు ఉంచాలి. ఏడాదికి పది పన్నెండు ఫోటోలు ఎంపిక చేసి కాగితం మీద ముద్రింపించండి. వెనుక పెన్సిలుతో తేదీ, వయస్సు రాయండి.

1990 ప్రాంతాలలో తీసిన వీడియో క్యాసెట్లు కొందరి ఇళ్ళలో ఇంకా బీరువాలో ఉన్నాయి. తేమ వల్ల టేపుకు బూజు పడుతుంది. వాటిని ఆడించే వి.సి.ఆర్. యంత్రాలను తయారు చేస్తూ మిగిలిన జపాను కంపెనీ కూడా 2016లో తయారీ ఆపివేసింది. కాబట్టి అటువంటి క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయక స్టూడియోలో కంప్యూటరులోకి ఎక్కించుకోండి.

బిడ్డకు స్నానం చేయిస్తున్నప్పటి చిత్రాలు, ఒంటి మీద బట్టలు లేని చిత్రాలు ఎవరికీ పంపకండి. పూర్తి పేరు, ఊరు, పుట్టిన తేదీ కలిపి నలుగురూ చూసే చోట పెట్టకండి. ఒకసారి పంపిన చిత్రాన్ని వెనుకకు తీసుకోవటం మన చేతిలో ఉండదు. ఆ చిత్రం రేపు పెద్దయ్యే బిడ్డది అని గుర్తుంచుకోండి.

14.12 మీరు ఏమి నేర్చుకొన్నారు?

- తేదీ, వయస్సు, బిడ్డ స్వయంగా చేసిన పని ఉంటేనే ఫోటో నమోదు అవుతుంది.
- మైలురాళ్ళకు ఒకే రోజు ఉండదు, వయస్సుల హద్దులుంటాయి. హద్దు దాటితే సలహా అడగాలి.
- వీడియోను మళ్ళీ చూడటం వల్ల మొదట కంటికి తప్పిన సంగతి తెలియవచ్చు.
- "ఇంకా లేదు" అన్న మాటను కూడా రాయాలి.
- నమోదు చేసిన దానిని సకాలంలో చూపించటమే అసలు ప్రయోజనం.

14.13 కృత్యం

మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని ఉన్న రెండేళ్ళ లోపు బిడ్డను, తల్లిదండ్రుల అనుమతితో పావుగంట సేపు గమనించండి. మొదట కెమెరా లేకుండా చూసి ఐదు వాక్యాలు రాయండి. తరువాత ఒక నిమిషం వీడియో తీసి, రెండుసార్లు చూసి, కొత్తగా గమనించిన వాటిని రాయండి. మీ రాతను అంగన్‌వాడీ టీచరుకు చూపించి మాట్లాడండి. పని అయిన తరువాత ఆ వీడియోను తల్లిదండ్రులకు ఇచ్చి, మీ ఫోనులోంచి తీసివేయండి.

14.14 పాఠాంత ప్రశ్నలు

1. వేడుక ఫోటోకు, ఎదుగుదల నమోదుకు గల తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.
2. వినికిడి లోపం ఇంట్లో వారికి తేలికగా ఎందుకు తెలియదు?
3. ఫ్లాష్ ఫోటోలో ఒక కనుపాప తెల్లగా మెరిస్తే మీరు ఏమి చేస్తారు?

14.15 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. తేదీ, బిడ్డ వయస్సు, బిడ్డ తనంతట తాను చేసిన పని.
2. రోజుల లెక్కతో, తేదీలతో రాసినందువల్ల.
3. ఎనిమిదిన్నర నెలలు.
4. బిడ్డ గొంతు స్పష్టంగా వినబడటానికి, పిలుపుకు బిడ్డ తిరుగుతున్నదో లేదో తెలియటానికి.